ఖాళీ కాని కుర్చీ

ట్రావ్‌గొట్ షెంప్ ఇంట్లో ఎవరూ తమకు నచ్చిన చోట కూర్చోవడానికి వీల్లేదు. మేయరైనా సరే, పాస్టరుగారైనా సరే, స్టుట్‌గార్ట్ నుంచి పెద్ద కారులో దిగిన దొరైనా సరే, ముందు గుమ్మంలో ఆగాలి. ట్రావ్‌గొట్ ఎగాదిగా చూస్తాడు. గడ్డం గోక్కుంటాడు. తరవాత వేలు చూపిస్తాడు. ఆ వేలు ఎటు చూపిస్తే అటే వెళ్ళి కూర్చోవాలి. దానిమీద అప్పీలు లేదు.

మా హాల్డెన్‌బాఖ్‌లో ద్రాక్షతోట ఉన్నవాళ్ళు ఏడాదిలో కొన్ని వారాలు గేటుకు చీపురు కట్టుకుంటారు. చీపురు వేలాడుతోందంటే ఆ ఇంట్లో సొంత వైనూ, వేడి తిండీ దొరుకుతాయన్నమాట. చీపురు దించేశారంటే ఇక ఆ గడపలో మంచినీళ్ళు కూడా పుట్టవు. చీపురింట్లో నలభై కుర్చీలకు మించి వెయ్యకూడదని సర్కారు రూలు. ట్రావ్‌గొట్ ఆ నలభై కుర్చీల్నీ తాతగారి హయాంలో ఆవుల్ని కట్టిన కొట్టంలోనే వేశాడు. అప్పట్లో ఆవులకే చోటు చాలేది కాదట. ఇప్పుడు ఒకడు ఫోర్కు ఎత్తాడంటే పక్కవాడి మోచెయ్యి దానంతటదే లేస్తుంది.

"అందుకేనే నేను చూసి కూర్చోబెట్టేది," అంటాడు చెల్లెలు ఎల్‌ఫ్రీడెతో. "తెలిసినవాళ్ళ పక్కన తెలిసినవాళ్ళు కూర్చుంటే ఏం మాట్లాడుకుంటారు? ఇంట్లో మాట్లాడుకున్నదే మాట్లాడుకుంటారు. ఆ మాత్రం దానికి నా వైను దండగ."

"వైను అమ్ముకునేవాడివి వైను అమ్ముకో అన్నయ్యా. వాళ్ళ మాటలతో నీకేం పని?" అంటుంది ఎల్‌ఫ్రీడె, పిండి ముద్దని బల్లమీద దబదబా బాదుతూ. ఆవిడకు అరవై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే, "తీరికేది?" అంటుంది. ఆ ఇంటి వంటంతా ఆవిడదే. మాంసం, పాలకూర కూరి మడిచిన మౌల్టాషెన్, ఉల్లిపాయల రొట్టె, పుల్ల క్యాబేజీ, బంగాళాదుంప సలాడ్... అన్నీ ఆ రెండు చేతులే. ఆవిడ కూర్చోగా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. తిండి కూడా పొయ్యి దగ్గర నిలబడే తింటుంది.

అన్నగారి వేలువల్ల ఆవిడ పడ్డ తలవంపులు అన్నీ ఇన్నీ కావు.

ఒకసారి పెళ్ళయి వారం కూడా కాని జంట చేతులు పట్టుకుని వచ్చింది. ట్రావ్‌గొట్ గడ్డం గోక్కున్నాడు. "అబ్బాయ్, నువ్వు ఆ చలికాచుకునే పొయ్యి పక్కన. అమ్మాయీ, నువ్వు ఆ చివర మంత్రసాని పక్కన."

"మేమిద్దరం కలిసి వచ్చామండీ!" అంది పెళ్ళికూతురు.

"కలిసే వెళ్తారు. ఇంకో యాభై ఏళ్ళు కలిసే కూర్చుంటారు. ఈ రెండు గంటలూ సెలవు అనుకోండి తల్లీ."

పెళ్ళికూతురు ఏడుపు మొహంతో వెళ్ళి కూర్చుంది. మంత్రసాని ఏం చెప్పిందో ఏమో, ఇంటికెళ్ళేటప్పుడు మాత్రం పగలబడి నవ్వుతూ వెళ్ళింది. వాళ్ళాయన అదేమిటో చెప్పమని బతిమాలుతూ వెనకాల నడిచాడు.

ఇంకోసారి మేయరుగారిని తీసుకెళ్ళి సమాధులు తవ్వే మనిషి పక్కన కూర్చోబెట్టాడు. మేయరుగారికి ఒళ్ళు మండింది. "ఏమయ్యా, నన్ను గుంటలు తవ్వేవాడి పక్కన పడేస్తావా?"

"ఎప్పటికైనా ఆయన చేతిలో పడేవాడివే. ఇప్పట్నుంచే మంచి చేసుకో."

కొట్టం ఘొల్లుమంది. మేయరు మూతి ముడుచుకుని మూడు గ్లాసులు తాగాడు. ఆ వసంతంలో సమాధుల దారిలో బురద పోయి రాళ్ళు పరిచారు. ఎన్నికలు దగ్గరకొస్తున్నాయి గదా, అందుకే అనుకుంది ఎల్‌ఫ్రీడె.

స్టుట్‌గార్ట్ నుంచి వచ్చిన ఒక లాయరు గట్టిగా ఎదురుతిరిగాడు. "నాకు నచ్చిన చోట కూర్చునే హక్కు నాకు ఉంది!"

"కూర్చునే హక్కు నీది. చోటు నాది," అని వేలు దించకుండా నిలబడ్డాడు ట్రావ్‌గొట్. ఆ వేలు అలా ఎంతసేపైనా నిలబడుతుంది. కొండవాలులో రాతిమెట్లెక్కి ఎక్కి, బుట్టలు మోసి మోసి గట్టిపడ్డ వేలు. లాయరే వంగాడు.

చీపురు దించేశాకైనా ఈ జబ్బు తగ్గుతుందా అంటే అదీ లేదు. పళ్ళ డాక్టరు దగ్గర వరండాలో కూర్చున్నవాళ్ళని లేపి మార్చేశాడు. ఎవరిదో అంత్యక్రియల్లో ముందు వరసలో ఇద్దరు మేనకోడళ్ళని అటూ ఇటూ మార్చబోయాడు.

"ట్రావ్‌గొట్, ఇది చర్చి," అన్నారు పాస్టరుగారు పళ్ళ బిగువున.

"అందుకే ఊరుకుంటున్నా. లేకపోతే వరస మొత్తం మార్చేవాణ్ణి."

ఇవన్నీ ఎల్‌ఫ్రీడె భరించింది. భరించలేనిది ఒక్కటే, కిటికీ బల్ల.

వంటింటికీ కొట్టానికీ మధ్య గోడలో చిన్న కిటికీ ఉంది. పళ్ళేలు అందులోంచే వెళ్ళాలి. దాని చెక్క తలుపు కొట్టం వైపుకు తెరుచుకుంటుంది. కిటికీ కింద ఇద్దరు పట్టే చిన్న బల్ల. ఎడమ కుర్చీలో కూర్చున్నవాడి నెత్తికి, తలుపు తెరిచినప్పుడల్లా, ఠక్కుమని తగిలి తీరాలి. పైగా అక్కడ చలిగాలి. కుడి కుర్చీకి మాత్రం ఏ బాధా లేదు. తలుపూ తగలదు, గాలీ తగలదు.

ఎడమ కుర్చీలో నాలుగేళ్ళుగా ట్రావ్‌గొట్ ఒకే మనిషిని కూర్చోబెడుతున్నాడు. గెరోల్డ్ నేగెలే అని, పక్క కొండమీద తోట ఉన్న పెద్దమనిషి. భార్య పోయాక ఒంటిగాడయ్యాడు. మాటకు మాట అతికించడానికి నానా తంటాలు పడే రకం. కుడి కుర్చీలో ట్రావ్‌గొట్ ఎవర్నీ కూర్చోనివ్వడు.

"అక్కడ ఖాళీగా ఉంది గదా!" అంటారు వానలో తడుస్తూ గుమ్మంలో నిలబడ్డవాళ్ళు.

"అది ఖాళీ కాదు."

"ఎవరూ లేరు గదయ్యా అందులో!"

"లేరు. కానీ ఖాళీ కాదు."

ఊరంతా ఇదే వింత. ఎందుకంటే మేం ష్వాబియా వాళ్ళం, జర్మనీ మొత్తంలో పొదుపుకి పేరుపడ్డవాళ్ళం. వంగిన మేకుని సుత్తితో సరిచేసి మళ్ళీ కొట్టే జాతి. ట్రావ్‌గొట్ అయితే కాగితం చేతిగుడ్డని సగానికి చింపి ఇద్దరికి ఇచ్చే ఘనుడు. అలాంటివాడు సర్కారు ఒప్పుకున్న నలభై కుర్చీల్లో ఒకదాన్ని నాలుగు సీజన్లు ఉత్తినే ఉంచాడంటే, తలలో ఏదో మర వదులైందని అందరూ తీర్మానించుకున్నారు.

ఠక్!

"అయ్యయ్యో, మళ్ళీ తగిలిందా నేగెలేగారూ?" అంటుంది ఎల్‌ఫ్రీడె కిటికీలోంచి.

"పరవాలేదండీ. అలవాటే."

"మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"ఉన్నాయి."

"ఈ ఏడు మీ ట్రోలింగర్ ద్రాక్ష?"

"అదీ ఉంది."

తలుపు మూసుకుంటుంది. మళ్ళీ పళ్ళెం వస్తుంది. ఠక్! ఇంకో ముక్క. అలా ముక్కముక్కగా సాయంత్రానికి ఒక కబురు పూర్తయ్యేది. ఆ ముక్కల్లోనే ఎల్‌ఫ్రీడెకు ఆయన తోటలో వాలిన పక్షుల సంగతి, రాతిగోడ కూలిన సంగతి, వంట రాక ఆయన పడే పాట్ల సంగతీ తెలిశాయి. తిన్నాక పళ్ళెం కిటికీలో పెట్టి రోజూ ఒకే మాట అనేవాడు. "తినొచ్చండీ."

మా వైపు అది చిన్న మాట కాదు. పొగడ్త అంటే మాకు ఒంటికి పడదు. "తినొచ్చు" అన్నారంటే ఆ వంటమనిషి వారం రోజులు తలెగరేసుకుని తిరగొచ్చు. "బాగుంది" అనే మాట పెళ్ళిళ్ళలో వినిపిస్తుంది, అదీ అందరి పెళ్ళిళ్ళలోనూ కాదు.

ఈ శరదృతువులో, చీపురు దించడానికి ఇంకా మూడు రోజులున్నాయనగా, గురువారం నాడు నేగెలే కిటికీలోకి తల వంచాడు.

"ఇక మీ తలుపుకి పని తగ్గుతుందండీ."

"అదేం?"

"తోట కౌలుకి ఇచ్చేస్తున్నా. మోకాళ్ళు మెట్లెక్కనంటున్నాయి. కాన్‌స్టాన్స్‌లో మా అక్కయ్య వచ్చెయ్యమంటోంది. మీరు చీపురు దించగానే బయల్దేరతా."

నాలుగేళ్ళలో ఆయన ఒక్క గుక్కలో అన్ని మాటలు ఎప్పుడూ అనలేదు. ఎల్‌ఫ్రీడె, "ఓహో," అంది. తలుపు మూసింది. తరవాత బంగాళాదుంప సలాడ్‌లో మాంసం చారు పొయ్యడం మర్చిపోయింది.

మా ఊళ్ళో సలాడ్ పొడిగా ఉండడమంటే చర్చి గంట మోగకపోవడమే. "ఎల్‌ఫ్రీడే! ఇది గొంతు దిగడం లేదే!" అని మాంసం కొట్టు ఓబెర్లె కేకేశాడు.

"నీళ్ళు తాగి దింపుకో!" అని లోపలినుంచి పిడుగులాంటి జవాబు వచ్చింది.

మర్నాడు పొద్దున అన్నగారిని పట్టుకుంది.

"అన్నయ్యా, నేగెలేగారు ఊరొదిలి వెళ్ళిపోతున్నారట."

"విన్నా."

"నాలుగేళ్ళు ఆ మనిషి నెత్తి పగలగొట్టించావు. నుదుటిమీద ఆ బొప్పి చూశావా? ఈ మూడు రోజులైనా పొయ్యి పక్కన మెత్తటి బెంచీమీద కూర్చోబెట్టు."

"ఊహూఁ. ఆయన చోటు అది కాదు."

"నీకు గుండె ఉందా లేదా? ఆయన నీకేం అపకారం చేశాడు? పోనీ కుడి కుర్చీ అయినా ఇవ్వు!"

"అది ఖాళీ కాదే."

"నీ తలకాయ ఖాళీ!" అని గరిటె విసిరికొట్టింది. ట్రావ్‌గొట్ ఆ గరిటెని వంగి తీసి, సొట్ట పడిందేమో వెలుగులో చూసుకుని, మేకుకి తగిలించి వెళ్ళిపోయాడు.

శనివారం ఆవిడ తెగించింది. అన్నగారు వైను తేవడానికి నేలమాళిగలోకి దిగగానే, వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి నేగెలే భుజం పట్టుకుంది. "రండి, మీకెందుకీ ఖర్మ?" అని లాక్కెళ్ళి పొయ్యి పక్కన దిండ్లున్న బెంచీమీద కూర్చోబెట్టింది. ఎడమ కుర్చీలో ఓబెర్లెని కుదేసింది. పుణ్యం చేశానన్న తృప్తితో వంటింట్లోకొచ్చి కిటికీ తలుపు తోసింది.

ఠక్!

"చంపేశావే!" అని గావుకేక పెట్టాడు ఓబెర్లె.

ఆవిడ పళ్ళెం అందించింది. ఏదో అడగబోయి ఆగిపోయింది. ఓబెర్లెని అడగడానికి ఏముంది? మళ్ళీ తలుపు తెరిచింది. ఓబెర్లె. మళ్ళీ తెరిచింది. ఓబెర్లె, ఈసారి నెత్తిమీద టోపీతో. అవతల పొయ్యి దగ్గర నేగెలే మెడ సాగదీసి, అన్ని తలల మీదుగా కిటికీకేసి చూస్తున్నాడు. పక్కవాళ్ళు ఆయనతో ఏదో అంటున్నారు. ఆయన వినడం లేదు. అటునుంచి కిటికీ దాకా మాట రావాలంటే అరవాలి. అరిచే మనిషి కాదు.

కాసేపటికి ట్రావ్‌గొట్ ఒక పళ్ళెం తెచ్చి కిటికీలో పెట్టాడు. అందులో మౌల్టాషెన్ సగానికి సగం అలాగే ఉన్నాయి.

"నేగెలేది," అన్నాడు. చెల్లెలి మొహంకేసి చూశాడు, పొయ్యి పక్క బెంచీకేసి చూశాడు.

ఎల్‌ఫ్రీడె ఆ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కొట్టం మొత్తంలో వంటింటితో మాట్లాడడానికి వీలున్న కుర్చీలు రెండే. అందులో ఒకదాన్ని అన్నయ్య నాలుగేళ్ళుగా ఈ మనిషికే కేటాయించాడు. దెబ్బలు తినిపించడానికి కాదు. ఈ ముక్క తెలియడానికి ఓబెర్లె నెత్తి పగలాల్సి వచ్చింది. ఆవిడకు ఏడుపొచ్చింది, ఆ పైన కోపమొచ్చింది, మరీ ముఖ్యంగా రేపు ఆదివారమనీ, రేపటితో చీపురు దిగిపోతుందనీ గుర్తొచ్చింది. ఆయన వెళ్ళిపోతే తనకిక ఆ కిటికీ తెరవబుద్ధి కాదు. ఆ మాట ఆయనతో చెప్పాలి. కానీ ఎలా? మా వైపు మనసులో మాట పైకి చెప్పడంకంటే ఎద్దుని మేడ ఎక్కించడం తేలిక.

ఆదివారం మధ్యాహ్నానికి కొట్టం కిటకిటలాడిపోయింది. నేగెలే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పొయ్యికేసి భయంభయంగా చూశాడు. ట్రావ్‌గొట్ వేలు ఎడమ కుర్చీని చూపించింది. ఆయన మొహం విచ్చుకుంది. గబగబా వెళ్ళి తలుపు కింద తల పెట్టుకుని కూర్చున్నాడు.

ట్రావ్‌గొట్ సరాసరి వంటింట్లోకి వచ్చాడు. "ఏప్రన్ విప్పు."

"ఎందుకు?"

"నీకు చోటు చూపించాలి."

"నీకు మతి పోయిందా? ముప్ఫై తొమ్మిది మంది ఆకలితో ఉన్నారు. వంటెవరు చేస్తారు?"

"నేను."

"నువ్వా!" ఆవిడకు నిజంగానే భయం వేసింది.

"నలభై ఏళ్ళు నిలబడ్డావు. నాలుగేళ్ళుగా నీ కుర్చీ నీకోసం చూస్తోంది. నడువ్."

ఎల్‌ఫ్రీడె గుమ్మంలోకి వచ్చేసరికి ట్రావ్‌గొట్ వేలు లేచింది. కుడి కుర్చీ. కొట్టంలో ఫోర్కుల చప్పుడు ఆగిపోయింది. ఆవిడ చేతులు తుడుచుకుంటూ, ఎర్రబడ్డ మొహంతో, అందరి ముందూ నడిచి వెళ్ళి కూర్చుంది. మంత్రసాని లేచి నిలబడి మరీ చూసింది.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో కిటికీ లేదు. పళ్ళేల సందడీ లేదు. మాట్లాడడానికి ఒక్క ముక్కా దొరకలేదు. ఆవిడ ఉప్పు డబ్బాని అటు జరిపింది. ఆయన దాన్ని ఇటు జరిపాడు.

వంటింట్లో ఏదో భళ్ళున పగిలింది. ఎల్‌ఫ్రీడె లేవబోయింది.

"కూర్చోండి," అన్నాడు నేగెలే.

ఠక్! అన్నాళ్ళూ లేనంత జోరుగా తలుపు వచ్చి తగిలింది. అందులోంచి ట్రావ్‌గొట్ చెయ్యి ఒక పళ్ళేన్ని బల్లమీద పెట్టి మాయమైంది. మౌల్టాషెన్ పిండి ఒక పక్క, మాంసం ఒక పక్క తేలుతున్నాయి, పాలకూర ఎక్కడో అడుగున ఉంది. నేగెలే నెత్తి రుద్దుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. చాలాసేపు నమిలాడు.

"తినలేమండీ," అన్నాడు.

ఫోర్కు కింద పెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మీ చేతిది బాగుంటుందండీ. నాలుగేళ్ళుగా బాగుంది."

ఓబెర్లె తాగుతున్న వైను ముక్కులోకి పోయింది. మేయరుగారు టోపీ తీసేశారు. ఎల్‌ఫ్రీడె ఆ ఉప్పు డబ్బాని గట్టిగా పట్టుకుంది.

"కాన్‌స్టాన్స్‌లో మీ అక్కయ్యగారింట్లో మీకు కుర్చీ ఉందా?"

"ఉందట. మెత్తటిది. అందులో కూర్చుంటే సరస్సు కనిపిస్తుందట."

"మరింకేం. హాయిగా ఉంటుంది."

"ఉంటుంది. ఎవరూ కొట్టరు." ఆయన బొప్పిని తడుముకున్నాడు. "అదేనండీ దిగులుగా ఉంది."

ఆవిడ ఫక్కున నవ్వింది. నవ్వి, మళ్ళీ మొహం బిగించుకుంది. "మోకాళ్ళు మెట్లెక్కనంటున్నాయన్నారు."

"కొండమీదికే ఎక్కనంటున్నాయి. ఇక్కడిదాకా బాగానే వస్తున్నాయి."

"అయితే మా ఇంట్లో సీసాలు కడిగే పని ఉంది. కూర్చుని చేసేదే. ఉల్లిపాయలు తరగాలి. అదీ కూర్చునే." మా వైపు ఇంతకంటే తియ్యగా ఎవరూ అడగరు. అక్కడున్నవాళ్ళందరికీ అర్థమైంది.

నేగెలేకీ అర్థమైంది. "ఎక్కడ కూర్చోమంటారు?" అన్నాడు మెల్లగా.

ఎల్‌ఫ్రీడె ఆయన్ని ఎగాదిగా చూసింది. గడ్డం గోక్కుంది. ఆ మీదట, అచ్చం అన్నగారిలాగే, వేలు చూపించింది. "మీ కుర్చీ ఎత్తుకుని ఇటు, నా పక్కకి రండి. తలుపు తగలని వైపు."

కిటికీలోంచి ట్రావ్‌గొట్ తల బయటికొచ్చింది, నిండా పిండితో. "ఎవరక్కడ కుర్చీ మార్చింది? నన్నడక్కుండా!"

"నువ్వు లోపల సంగతి చూసుకో అన్నయ్యా, అడుగంటుతోంది!" అంది ఎల్‌ఫ్రీడె, కూర్చున్న చోటునుంచి లేవకుండానే.

చీకటి పడకముందే ట్రావ్‌గొట్ నిచ్చెన వేసుకుని చీపురు దించాడు. ఎల్‌ఫ్రీడె కింద నిచ్చెన పట్టుకుంది. "నాలుగేళ్ళు ఒక కుర్చీ ఉత్తినే ఉంచావు. నీలాంటి పిసినారికి నిద్రెలా పట్టింది?" అంది.

"పట్టలేదు," అన్నాడు ట్రావ్‌గొట్ చీపురు దులుపుతూ. "ఒక్క పూట కూర్చుంటే తేలిపోయేదానికి నాలుగేళ్ళు నిలబడ్డావు. ఎంత నష్టమో ఆలోచించావా?"

ఈసారి చీపురు కట్టినప్పుడు వెళ్తే చూడండి. కిటికీకి పక్కకి జరిగే తలుపు పెట్టించారు. లోపల ఒకరు ఉల్లిపాయలు తరుగుతూ ఉంటారు, ఒకరు ఆయన్ని కసురుతూ ఉంటారు. బయట ఆ చిన్న బల్ల దగ్గర, ఎప్పుడూ ఒంటరిగా పేపరు చదువుకుంటూ తినే పశువుల డాక్టరమ్మ కూర్చుని ఉంటుంది. ఎదుటి కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది. అందులో కూర్చోవాలని మాత్రం చూడకండి. అది ఖాళీ కాదట.